నూనె పెట్టిన జడలు

పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్లో ఉండగా, మా అమ్మాయికి పదేళ్లప్పటి మాట. దానిది నా పోలికే, దువ్వెన పళ్లు విరిగేంత ఉంగరాల జుట్టు. ఆ జుట్టు నీట్‌గా లేదని, స్ట్రెయిటనింగ్ చేయిస్తేగాని క్లాసులో కూర్చోనివ్వమని స్కూల్లో పట్టుబట్టారు. వెళ్లి పోట్లాడాను. "ఒంటిరంగు గురించి చట్టం ఉంది. జుట్టు గురించి ఎక్కడుంది?" అన్నాడు ప్రిన్సిపాల్.

చట్టం లేకపోతే తెమ్మందామని ప్రతి గడపా ఎక్కాను. అక్కడి మన తెలుగు ఆంటీలే "జుట్టుకి కూడా చట్టమా! ముందు సెటిల్ అవ్వండమ్మా" అని నవ్వారు. చివరికి మా ఏరియా ఎంపీ ఒక శనివారం రమ్మన్నాడు. అక్కడా కాదంటే ఇక వెళ్లడానికి చోటు లేదు.

పెద్దమనిషి ముందుకు వెళ్తున్నామని ఆ పొద్దున పిల్ల తలకి కొబ్బరినూనె దట్టంగా పట్టించి, ఒక్క వెంట్రుక లేవకుండా రెండు జడలు బిగించాను. మా ఇంట్లో ఎక్కడికి వెళ్లినా అంతే.

నేను చెప్పిందంతా విని ఆయన పిల్లవంక చూశాడు. "చక్కగా ఉందే! ఇందులో ఇబ్బందేముంది?"

ఫోన్లో ఫోటోలు ఉండే రోజులు కావు. అక్కడే జడలు లాగి విప్పేశాను. వేళ్లు దూర్చి పైకి ఎగదోశాను.

"అమ్మా, స్టాప్, ప్లీజ్" అని ఏడుస్తోంది పిల్ల.

పుట్టినప్పటినుంచీ అణిచిపెట్టిన జుట్టుని, ఒక్కసారి లేవమని బతిమాలాను. నెత్తికి అతుక్కుపోయి అలాగే ఉండిపోయింది.