స్పేర్ మామయ్య

ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే అది లేనట్టే లెక్క అని నమ్మే మనిషి మామయ్య. చేతికి రెండు వాచీలు. జేబులో రెండు కళ్ళజోళ్ళు, ఆ రెండూ ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడానికి మెడలో వేలాడుతూ మూడోది. ప్యాంటుకు బెల్టు బిగించి, దాని మీద నమ్మకం చాలక భుజాల మీదుగా పట్టీలు కూడా తగిలిస్తాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎందుకైనా మంచిదని సెలవు చీటీ రెండుసార్లు పంపితే ఒకటి మంజూరైంది, రెండోది తిరిగొచ్చింది. వెళ్ళాలో మానాలో తేలక సెలవు రోజంతా ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాడని అత్తయ్య ఇప్పటికీ పడీపడీ నవ్వుతుంది.

అలాంటి మామయ్య విరాళాల సభకు సాయం చేస్తానని ఊడిపడేసరికి మేనకోడలి గుండెలో రాయి పడింది.

ఆమె నత్తి ఉన్న పిల్లలకు మాట నేర్పే చిన్న కేంద్రం నడుపుతోంది. దర్జీ దుకాణం పైన రెండు గదులు. కింద మిషన్లు ఎడతెగకుండా టకటకలాడుతుంటే పైన పిల్లలు ఒక్కో మాటా కూడదీసుకుంటూ ఉంటారు. ఇన్నాళ్ళూ ఆదుకున్న సంస్థ ఈసారి చేతులెత్తేసింది. సభకు వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు పెద్దమనుషుల మనసు కరిగితే కేంద్రం నిలుస్తుంది. లేదంటే తాళమే. ఆ బెంగతో ఆమెకు ముద్ద దిగడం లేదు. ఫోన్ మోగితే చాలు, ఎవరో రావడం లేదని చెప్పడానికేనని ఉలిక్కిపడుతోంది.

"మైకులు ఎన్ని చెప్పావమ్మా?" అన్నాడు మామయ్య గడప దాటుతూనే.

"ఒకటి."

"అది పాడైతే?"

"కొత్తది మామయ్యా. పాడవదు."

"కొత్తవే ముందు పాడయ్యేది. పాతవి ఎప్పుడో పాడై, బాగుపడి, బుద్ధి తెచ్చుకుని ఉంటాయి."

సాయంత్రానికి రెండో మైకు దిగింది. మర్నాడు రెండో జనరేటరు, రెండో బ్యానరు. హాలు మేనేజరు ఫోన్ చేసి, "మేడమ్, పక్క హాలు కూడా అట్టే పెట్టమంటున్నారు మీ మామయ్యగారు. ఈ హాలుకేమైనా అవుతుందంటారా?" అని భయంభయంగా అడిగాడు. ఆమె తల పట్టుకుంది.

అసలు పిడుగు ఇంకా పడలేదు.

"కోప్పడనంటే ఒక మాట చెబుతా," అన్నాడు మామయ్య, సభకు ముందురోజు. "ముఖ్య అతిథి సంగతి."

"మిల్లు యజమాని గారు వస్తానన్నారుగా?"

"అన్నారు. ఒకవేళ రాకపోతేనో? అందుకని రిటైరైన జడ్జిగారిని కూడా పిలిచా."

"ఏమని పిలిచావ్?"

"ముఖ్య అతిథిగా రమ్మని."

"మామయ్యా! ఇద్దరూ వస్తే?"

మామయ్య జన్మంతా ఎవరు రారో, ఏది పనిచెయ్యదో ఆలోచించాడు గానీ, అందరూ వచ్చేస్తే ఏం చెయ్యాలన్నది ఆయన బుర్రకు ఎన్నడూ తట్టలేదు.

ఇద్దరూ వచ్చారు. ఒకే గుమ్మంలో, ఒకేసారి. మేనకోడలి పై ప్రాణాలు పైనే పోయాయి. మామయ్య మాత్రం ఒకరి చెవిలో, "మీరు ముఖ్య అతిథి, ఆయన ఉత్త ప్రధాన అతిథి," అన్నాడు. ఇంకొకరి చెవిలో, "మీరు ప్రధాన అతిథి, ఆయన ఉత్త ముఖ్య అతిథి," అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకుని పక్కపక్కనే కూర్చున్నారు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మాట్లాడుతున్నారు. వెనక వరసల్లో ఖాళీ కుర్చీలు కనిపించినప్పుడల్లా ఆమె గుమ్మం వైపు చూస్తోంది. చివరగా దర్జీ కూతురు మైకు ముందుకొచ్చింది.

"మా నాన్న ద... ద..."

అక్కడే ఆగిపోయింది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిల్లు యజమాని వాచీ చూసుకున్నాడు. మేనకోడలు కుర్చీలోంచి సగం లేచింది. వెళ్ళి చెయ్యి పట్టుకుని దింపేస్తే పిల్ల మళ్ళీ నోరు విప్పదు. అలాగే వదిలేస్తే ఆ అవస్థ చూసి తట్టుకోలేదు.

అంతలో మామయ్య వేదికెక్కి పిల్ల పక్కన నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, "మా నాన్న వంటవాడు!" అన్నాడు.

పిల్ల తెల్లబోయింది. "కాదు! ద... దర్జీ!"

"అవునవును, దర్జీ. చొక్కాలకు బటాణీలు కుడతాడు."

"బ... బొత్తాలు!"

హాలు గొల్లుమంది.

"ఒక చొక్కాకు నాలుగు చేతులు..."

"మీరుండండి! నే... నేను చెప్తా!" అని పిల్ల ఆయన్ని పక్కకు తోసి మైకు అందుకుంది. ఆగింది, తడబడింది, మళ్ళీ ఆగింది. కానీ వదల్లేదు. "నాకు న... నత్తి ఉంది. చెప్పాల్సింది కూడా చా... చాలా ఉంది. కాస్త ఆగి వినండి," అని ముగించి చక్కా వచ్చేసింది.

ముందు లేచింది జడ్జిగారు. కేంద్రం ఏడాది ఖర్చు తనదన్నారు. ప్రధాన అతిథి కంటే ముఖ్య అతిథి తగ్గితే ఎలా? మిల్లు యజమాని పై ఏడాది కూడా తనదేనన్నాడు.

మేనకోడలు కళ్ళు తుడుచుకుంటూ వేదిక పక్కకు వచ్చేసరికి దర్జీ ఎదురయ్యాడు.

"మీ మామయ్యగారు అన్ని తప్పులు చెప్పారేంటండీ? పిల్లల్లో ఎవరైనా ఆగిపోతే పక్కన తోడుండాలని, అందరి మాటలూ మా కొట్లో కూర్చుని బట్టీ పట్టారు. మా అమ్మాయిదైతే నిద్రలో లేపినా పొల్లుపోకుండా అప్పజెప్పేవారు!"

ఆమె మామయ్య వైపు తిరిగింది. అవతల దర్జీ కూతురు నడుం మీద చెయ్యి పెట్టుకుని మామయ్యను నిలదీస్తోంది.

"తాతగారూ, మళ్ళీసారి స... సరిగ్గా చదువుకుని రండి. నా ప... పరువు తీశారు."

"తప్పయిపోయింది టీచరుగారూ," అన్నాడు మామయ్య, చేతులు కట్టుకుని.