బోడిమెడ పెట్ట పెత్తనం

దేశాన్ని తెల్లదొరలు ఏలుతున్నారని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. కంభం దగ్గరి మా పల్లెలో, మా పెరటిని మాత్రం ఒక నల్లపెట్ట ఏలేది.

అమ్మ కూలికి పోయేముందు సజ్జలు చల్లేది. నల్లపెట్ట కడుపు నిండేదాకా మిగతా కోళ్లు దూరంగా నిలబడాలి. తొందరపడితే నెత్తిన పోటు పడేది. దాని తర్వాత ఎర్రపెట్ట, ఆ తర్వాత చుక్కలపెట్ట. పుంజు ఒకటుండేది గానీ అది కూయడానికే. అందరిచేతా పొడిపించుకునేది బోడిమెడ పెట్ట. దాని మెడకు ఈకలు పుట్టుకతోనే లేవో, పోట్లకు ఊడిపోయాయో మాకెవరికీ తెలియదు.

పాస్టరుగారు ప్రార్థనకు వస్తున్నారంటే మా కోళ్లలో ఒకటి పరలోకానికి పోవాల్సిందే. ఒకసారి ఆయన వస్తున్నట్టు కబురు రాగానే నాయన బోడిమెడను పట్టుకొచ్చాడు.

"దీన్నే కోద్దాం. పెట్టే గుడ్లు కూడా అరకొరే."

అవ్వ దాని రొమ్ము తడిమి చూసింది. "ఏందిరా ఇది? బొమికలు పెడితే ఆయన మనకోసం ఏం ప్రార్థన చేస్తాడు? చుక్కలదాన్ని కొయ్యి."

అట్లా చుక్కలపెట్ట కూరైంది.

కొన్నాళ్లకు బోడిమెడ ఒక మూల కూర్చుని లేవనంది. పొదుగుకొచ్చిందని అమ్మ దానికింద అన్ని పెట్టల గుడ్లూ కలిపి పెట్టింది. గుడ్లు పగిలి పిల్లలు లేచాక, వాటిని వెంటేసుకుని అది నేరుగా సజ్జల మధ్యలోకి నడిచింది. నల్లపెట్ట అలవాటుగా పొడవబోయింది. బోడిమెడ ఒళ్లంతా ఉబ్బించి, ఎగిరి దాని మొహాన తన్నింది. మళ్లీ తన్నింది. నల్లపెట్ట గంప వెనక్కి పరుగు తీసింది. ఎర్రపెట్ట తన్నులు తినకముందే తప్పుకుంది. పుంజు గోడెక్కింది. నేను చప్పట్లు కొట్టాను.

మళ్లీ వచ్చిన పాస్టరుగారికి ఈ సంగతి తెలియదు. ముచ్చటపడి ఒక పిల్లను చేతిలోకి తీసుకున్నారు. మరుక్షణం బోడిమెడ ఆయన పంచె పట్టుకుని వేలాడింది. ఆయన చెప్పులు వదిలేసి మంచమెక్కారు.

"దీన్ని పట్టుకోండమ్మా!"

"పిల్లను దించు అయ్యగారూ, అదే పోతాది!" అని అవ్వ అరిచింది.

దించారు. అది పోయింది. ఆయన మాత్రం దిగలేదు. మంచం మీదే నిలబడి ప్రార్థన చేశారు. అంత పొట్టి ప్రార్థన మేం మునుపెన్నడూ వినలేదు.

"ఈసారి దీన్నే కోస్తాం అయ్యగారూ" అన్నాడు నాయన, నవ్వు ఆపుకుంటూ.

"వద్దు నాయనా. బతకనియ్యి."

పిల్లలు ఎదిగాక బోడిమెడ వాటినీ పొడిచి తరిమేసింది. పెత్తనం మాత్రం వదల్లేదు.