కర్రెగాడు తిన్న గడ్డి, నాకు దిగిన సూదులు

ఒక కుక్క నాలుగు గడ్డిపోచలు తిన్న పాపానికి నా బొడ్డు చుట్టూ పది సూదులు దిగాయి. పాపం కుక్కది కాదు, సూదిదీ కాదు, అచ్చంగా నాదే. ఇన్నేళ్లయినా పచ్చగడ్డి కనబడితే నా చేయి దానంతటదే పొట్ట మీదికి పోతుంది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పెద్దపల్లి దగ్గర వరి మళ్ల మధ్య పుట్టి పెరిగి, గోదావరి పక్కన బొగ్గుబావుల కాలనీ దవాఖానలో కంపౌండరుగా చేరి మూడు వారాలైంది. తెల్లకోటు తొడిగిన మూడో రోజు నుంచే నన్ను నేను డాక్టరు కింద జమ కట్టుకున్నాను.

మేనేజరు దొర రోజూ పొద్దున తోలుపట్టీ కట్టిన కుక్కతో షికారు వెళ్లేవాడు. అది చూసి నాకూ మనసైంది. నాకు కుక్క లేదు, పక్కింటి పోశవ్వకు ఉంది. పోశవ్వ బొగ్గులోంచి రాళ్లు ఏరే పని చేసేది. ఆమె భర్త బావిలోనే పోయాడు. ఆయన బతికున్నన్నాళ్లూ బావి మొగదాకా వెంట నడిచి, ఆయన పైకి వచ్చేదాకా అక్కడే కూర్చున్న కుక్క ఈ కర్రెగాడు. ఇప్పుడు ఆమెకు ఇంట్లో మాట్లాడుకోవడానికి వాడొక్కడే మిగిలాడు.

"జర తిప్పుకొస్త పోశవ్వా," అన్నాను.

"తిప్పు బిడ్డా. గడ్డి తింటే మాత్రం గుంజకు. కడుపుల బరువుంటే తింటడు, కక్కుతడు, గంతే."

నేను వినలేదు. ఆ వయసులో తెల్లకోటు వేసుకున్నవాడికి చెవులుండవు. ఆమె భర్త బావిలోకి దిగేటప్పుడు నడుముకు లాంతరు కట్టుకునే పట్టీనే కర్రెగాని మెడకు తగిలించి దొరలాగా బయలుదేరాను.

బొగ్గు జల్లెడ పట్టే చోట కర్రెగాడు ఆగాడు. పెళ్లి విస్తరిలో జీడిపప్పు ఏరుకునే పెద్దమనిషిలాగా గడ్డిని పోచ పోచా ఏరి తిన్నాడు. తర్వాత పొట్ట ఎగరేసి భళ్లున కక్కాడు. నల్లటి నురగ. వరి మళ్ల ఊరివాణ్ణి, అట్లాంటిది ఎన్నడూ చూడలేదు. ఇది పిచ్చే అని తేల్చేశాను. వాడేమో నన్ను ఓదార్చినట్టు చేయి నాకాడు. నేను పట్టీ వదిలేసి ఒకటే పరుగు. వాడు తన దారిన ఇంటికి పోయాడు.

డాక్టరుగారు ఇంకా రాలేదు. నేనుండగా ఆయనెందుకని రిజిస్టరులో 'పిచ్చికుక్క' అని రాసి, సంతకం పెట్టి, మేనేజరు ఆఫీసుకు చీటీ పంపాను. పావుగంటలో కాలనీ అంతా తలుపులు మూసుకుంది. జవాను లస్మయ్య తుపాకీ భుజాన వేసుకుని వచ్చాడు.

పోశవ్వ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. కర్రెగాడు ఆమె ఒళ్లో ఉన్నాడు.

"జరుగు అవ్వా. దానికి పిస్స లేసిందట. కంపౌండర్ సాబు రాసిచ్చిండు," అన్నాడు లస్మయ్య.

"రాసినోన్ని నా ముంగటికి రమ్మను. నా మొఖం చూసి చెప్పమను."

నేను లస్మయ్య వెనకాలే ఉన్నాను. ఇంకో అడుగు వెనక్కి వేసి, "నల్లటి నురగ కక్కింది పోశవ్వా, నా కండ్లతోని చూసిన," అన్నాను.

లస్మయ్య తుపాకీ దించి, నా వైపు వింతగా చూసి, పక్కకు ఉమ్మాడు. అదీ నల్లగానే ఉంది.

"గీడ గడ్డి మీద బొగ్గు దుమ్మే, మా గొంతుల బొగ్గు దుమ్మే. నన్ను గూడ కాలుస్తవా సాబ్?"

అంతలో డాక్టరుగారు సైకిలు దిగారు. కర్రెగాని ముందు నీళ్లు పెట్టించారు. వాడు గటగటా తాగి తోక ఊపాడు.

"దీనికేం లేనట్టే ఉన్నది. గని నువ్వు రాసిస్తివి గదా, పది రోజులు కట్టేసి చూడాలె. నిన్ను నాకిందా?"

"నాకింది సార్."

"ఏడ?"

మందుబుడ్డి పగిలి కోసుకున్న వేలు చూపించాను.

"అయితే బొడ్డు కాడ రోజుకో సూది. మొత్తం పద్నాలుగు. దానికేం లేదని తేలితే అప్పుడు ఆపుదాం."

కర్రెగాణ్ణి దవాఖాన వరండాలో కట్టేశారు. వాణ్ణి ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని పోశవ్వ పని మానుకుని పక్కనే కూర్చుంది. నాకు సూది దిగినప్పుడల్లా వాడు జాలిగా చూసేవాడు. ఐదో సూదికి నాకు జ్వరం వచ్చి అన్నం సహించలేదు. పోశవ్వ జొన్నగటుకలో మజ్జిగ కలిపి తెచ్చింది. ఎవరి కుక్కను చంపించబోయానో ఆమే గిన్నె పట్టుకుని నా ముందు నిలబడింది. సిగ్గుతో నా తల లేవలేదు.

"తిను బిడ్డా," అంది. "కుక్కకు బాగలేకుంటే గడ్డి తింటది. మనిషికి తెల్వకుంటే అడుగుతడు. నువ్వు అడగలే."

వెయ్యిమందిని చంపినవాడు అర వైద్యుడంటారు. నేను ఒక్క కుక్క దగ్గరే పావు వైద్యానికి కూడా పనికిరాకుండా పోయాను.

పదో సూది అయ్యాక కర్రెగాణ్ణి విప్పారు. వాడు నేరుగా కాలువ గట్టుకు పోయి, తీరిగ్గా గడ్డి తిని, తిరిగొచ్చి నా కొత్త చెప్పుల మీద కక్కాడు. నల్లగానే. వరండా అంతా నా వైపే చూసింది. డాక్టరుగారు రిజిస్టరు నా ముందుకు జరిపారు.

"ఏం రాస్తవు?"

నేను పోశవ్వ వైపు తిరిగి, "ఏమైంది పోశవ్వా?" అని అడిగాను.

"కడుపుల బరువు," అంది.

అదే రాసి సంతకం పెట్టాను.

కనుక బొడ్డు మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ కుక్క గడ్డి తిన్నా గుంజను, అరవను, చీటీ రాయను. పురుగుమందు కొట్టిన గడ్డి కాదని చూసుకుని, గిన్నెడు నీళ్లు పెట్టి ఊరుకుంటాను. కక్కడం ఆగకపోతే పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకుపోతాను. ఈ మాట తప్పిన రోజున, ఆ మిగిలిపోయిన నాలుగు సూదులకూ నా పొట్ట సిద్ధం.