బాపు కంటికి ఆనని సన్నగీత

మా చిన్నప్పుడు బడి గంట కొట్టగానే పిల్లలంతా ఇళ్ళకు పరుగెత్తేవారు... నేను మాత్రం పుస్తకాల సంచితోనే చిట్యాల రోడ్డు పక్కనున్న బాపు రేకుల షెడ్డుకు పోయేదాన్ని.

బాపు అంటే మా నాన్న, మోటారు సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు... నేను ఆరో తరగతి. ఆ దసరా సెలవుల్లో హైదరాబాదు నుంచి గోనెసంచి నిండా కొత్త స్పార్కు ప్లగ్గులు తెచ్చాడు. లారీలో డబ్బాలు నలిగి, వానకు తడిసి, షాపులవాళ్ళు వద్దన్న సరుకు. కొత్తవే... కానీ ఒక్కోదానికి ఒక్కో చిన్న వంక.

ఇద్దరం నేల మీద పాత బొంత పరుచుకొని వాటిని ఏరేవాళ్ళం. మీద పేరు చెరిగిపోయిందా... పరవాలేదు. మరలకు కాస్త తుప్పు పట్టిందా... కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే సరి. కొసన ఉండే కొక్కెం వంగిందా... సన్నటి రేకు పెట్టి సందు సరిచేసేవాడు. తెల్లటి పింగాణీ మీద గీత కనిపిస్తే మాత్రం ఆగాలి.

"పెట్రోలు గుడ్డతోని తుడువు బిడ్డా. మరకైతే పోతది... పగులైతే పోదు. పగిలినదాన్ని బండికి పెడితే మనిషి తొవ్వల ఆగిపోతడు," అనేవాడు.

గోటికి కూడా తగలనంత సన్నగా ఉండేవి ఆ పగుళ్ళు. కంటితో పట్టుకోవాల్సిందే.

ఒకరోజు మధ్యాహ్నం బాపు ఒక ప్లగ్గును అటూ ఇటూ తిప్పి చూసి మంచివాటిలో వేశాడు. దాని మీద వెంట్రుకలాంటి గీత. నన్ను పరీక్షిస్తున్నాడనుకొని నవ్వాను.

"బాపూ, గిది పగిలింది గదా!"

దాన్ని తీసుకొని ఎండలోకి పోయాడు. తుడిచాడు... కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు... దూరం జరిపాడు.

"ఏడుందే?"

"గిదిగో, నా గోరు కింద. కనిపిస్తలేదా నీకు?"

ప్లగ్గును తెచ్చి పనికిరానివాటిలో వేశాడు. తర్వాత నా పక్కన గొంతుక్కూర్చొని మెల్లగా అన్నాడు... "అమ్మకు చెప్పకు బిడ్డా. చెప్తే దవాఖాన అంటది, షెడ్డు బందుపెట్టుమంటది. నువ్వు చూస్తున్నవ్ గదా... ఏం గాదు."

చెప్పనని చేతిలో చెయ్యేశాను. నిజం చెప్పొద్దూ... భయం వేయలేదు. గర్వంగా అనిపించింది. బాపు రహస్యం నా ఒక్కదానికే తెలుసు!

ఆరోజు నుంచి ప్రతి ప్లగ్గూ నేనే చూసేదాన్ని. "మా పిల్ల పాస్ చేస్తెనే నేను బిగిస్త," అని గిరాకీలతో అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

నట్లు బిగించే పానాలన్నీ సైజు వరసలో పేర్చి పెట్టేదాన్ని, తడుముకోకుండా దొరకాలని. చాయ్ గ్లాసు ఆయన చేతికే అందించేదాన్ని. ఒకసారి అమ్మ అడిగింది... "మీ బాపు ఎందుకే గట్ల తడుముతాండు?"

"షెడ్డుల చీకటుంటదమ్మా," అన్నాను. కళ్ళలోకి చూసి మరీ అబద్ధం చెప్పాను.

మార్చిలో నా పరీక్షలు వచ్చాయి. వారం రోజులు షెడ్డుకు పోలేదు.

ఆ వారంలోనే రామన్నపేట వైపు గొర్లు కాసుకునే యాదయ్య తాత బండికి బాపు నేను చూడని కొత్త ప్లగ్గు వేశాడు. రెండు రోజులకు తాత బండి నెట్టుకుంటూ వచ్చాడు. మనుమరాలిని పదో తరగతి పరీక్షకు తీసుకుపోతుంటే తొవ్వలో ఆగిపోయిందట. ఎవరి ఆటోనో ఆపి, బతిమాలి పిల్లను ఎక్కించి పంపాడట. తాత కోపం కూడా చేయలేదు. ప్లగ్గు తీసి బాపు చేతిలో పెట్టాడు.

"నీ పని మీద నాకు నమ్మకమే కొడుకా... గింత పగులు నీకెట్ల కనవడలే?"

ఆ మాటకు, సద్దిగిన్నె పట్టుకొచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాకు ఈ సంగతి చెప్పింది కూడా అమ్మే... నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

మర్నాడే నల్లగొండ దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాదుకు. షుగరు ఉందని కూడా అప్పుడే తెలిసింది. అది కంటి లోపలి పొరను తినేసిందన్నారు. రెండు కళ్ళదీ అదే పరిస్థితి.

"ఆరు నెలల ముందు తెచ్చినా చాలావరకు ఆపేవాళ్ళమమ్మా," అంది డాక్టరమ్మ.

దవాఖాన బెంచీ మీద వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. మార్చి, ఫిబ్రవరి, జనవరి... దసరా దగ్గర వేలు ఆగింది.

అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "నీకు ఎరుకేనా?"

తల ఊపాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగింది. చికిత్స తర్వాత కళ్ళకు కట్లతో మంచం మీదున్న బాపే అన్నాడు... "దాన్నేమనకే. నేనే చెప్పొద్దన్న. అది నా మాట నిలబెట్టింది."

ఆ మాట నన్ను ఇప్పటికీ పడుకోనివ్వదు.

ఏడాది తిరగకముందే చూపు పూర్తిగా పోయింది. షెడ్డు వేరేవాళ్ళకు కిరాయికి ఇచ్చాం. అమ్మ మిల్లులో పనికి కుదిరింది.

ఇప్పుడు ఆ జాగాలో బ్యాటరీ బండ్ల షోరూమ్ ఉంది. అద్దాల తలుపులు... చప్పుడు లేని బండ్లు. బాపు ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటాడు. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నా గురించి చెప్తాడు... "మా పిల్ల గింతే ఉంటది, రెండు జడలేసుకుంటది, మస్తు హుషారు." నాకిప్పుడు ఇరవై రెండేళ్ళు. జడలు ఎప్పుడో పోయాయి. బాపు చివరిసారి చూసిన పిల్ల ఆమే కదా... నేను సరిదిద్దను.

మీలో ఎవరైనా చిన్నప్పుడు ప్రేమతో ఏదైనా దాచి ఉంటే... రాయాలనిపిస్తే ఇక్కడ రాయండి. పదేళ్ళుగా అమ్మా నేనూ ఒక్కసారి కూడా ఈ మాట ఎత్తలేదు.