నర్సవ్వ దాలి మీది పులుసు

మా అక్క పొద్దున బడికి బయల్దేరే ముందు, వంటింటి గట్టు మీదున్న తెల్లటి కరెంటు గిన్నెలో కందిపప్పు, గుమ్మడికాయ ముక్కలు, ఉల్లిగడ్డలు, చింతపండు రసం, చిన్న బెల్లంగడ్డ వేసి, మీట తిప్పి, మూత పెట్టి వెళ్తుంది. నల్లగొండలో వాళ్ళది కిరాయి ఇల్లు. అక్కా బావా ఇద్దరూ టీచర్లు, ఇద్దరికీ చెరో దిక్కు బడి. వాళ్ళు అటు పాఠాలు చెప్తుంటే ఇటు గిన్నె సన్నటి వేడి మీద తన పని తాను చేసుకుంటుంది. సాయంత్రం పిల్లలు సంచులు మూలకు విసిరేసి, కాళ్ళయినా కడుక్కోకుండా, ఆ పులుసు అన్నంలో కలుపుకుని పళ్ళెం నాకేదాకా తింటారు. ఈ గిన్నెను కనిపెట్టినవాళ్ళకు దండం పెట్టాలంటుంది అక్క. నాదీ అదే మాట. ఆడదాన్ని పొయ్యి ముందు నుంచి లేపే ఏ వస్తువైనా నాకు ఏ దేవుడి పటం కన్నా ఎక్కువ. కానీ సెలవుల్లో వాళ్ళింట్లో ఉన్నప్పుడు, మధ్యాహ్నం వాలి, చింతపండూ బెల్లమూ పప్పూ కలిసి మగ్గిన ఆ వాసన వంటింటి గడప దాటి వచ్చేసరికి నా అరచేతులకు చెమట పడుతుంది. చేతబడి అబద్ధమని ఊరూరా మైకు ముందు నిలబడి వాదించే మనిషిని నేను. పులుసు వాసనకు భయపడతాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నాలుగో తరగతి చదువుతున్నాను. అక్క అప్పటికే పట్నంలో హాస్టల్లో ఉండేది కాబట్టి ఆమెకు ఈ వాసనతో పేచీ లేదు. యాదగిరిగుట్టకు పోయే తోవలో, రోడ్డుకు కొంచెం లోపలగా మా ఊరు. ఊరి తూర్పు కొసన మా మగ్గాలవాడ. ఇంటింటికీ నేలలో తవ్విన గుంటమగ్గం, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే నాయినలు, గోడవారగా కూచుని మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఆసు పోసే అమ్మలు, దండేల మీద ఎర్రగా నల్లగా ఆరే నూలు చిట్టాలు, రంగునీళ్ళు పారి ఏ రోజుకా రోజు ఒక రంగున ఉండే మోరీ. వానలు వెనకబట్టి, గునుగు పూసి, తంగేడు పచ్చబడి, బతుకమ్మ దగ్గరికొచ్చిందంటే చాలు, పట్టుచీరల ఆర్డర్లు వాడ మీద పడేవి. ఆ రోజుల్లో అమ్మలకు తల దువ్వుకునే తీరిక ఉండేది కాదు. పొయ్యి ముట్టించే మాటే లేదు.

అందుకే వాడకొక కుండ ఉండేది. వాడ చివర ఒంటరిగా ఉండే నర్సవ్వ ఇంటి వాకిట్లో ఆ కుండ ఉడికేది. నర్సవ్వ మా కులం మనిషి కాదు, గొర్లకాపరుల ఇంటి ఆడది. మొగుడు పోయాక మంద అమ్మేసి, బిడ్డను హుజూర్‌నగర్‌లో ఇచ్చి, తానొక్కతే మిగిలింది. ఆమె వాకిట్లో మోకాలి లోతు గుంట ఒకటి ఉండేది. దాన్ని దాలి అనేవాళ్ళం. గుంటలో పిడకలు పేర్చి, మీద పొట్టు చల్లి నిప్పు రగిలిస్తే మంట లేవదు, ఆరిపోదు, పొద్దంతా లోలోపలే కణకణ మండుతుంది. పొద్దున్నే మేం పిల్లలం ఇంటికింత, ఒకరు గుప్పెడు పప్పు, ఒకరు సోరకాయ, ఒకరు ఉప్పు, ఒకరు చింతపండు, పట్టుకుపోయి ఆమె ముందు పోసేవాళ్ళం. ఆమె అన్నీ ఒకే మట్టికుండలో వేసి దాలి మీద పెట్టి, మూతకు చుట్టూ తడిగుడ్డ చుట్టి, ఇక దాని మొహం చూసేది కాదు. దీపాలు పెట్టే వేళకు వాడ పిల్లలమంతా పళ్ళేలు మోగించుకుంటూ పోయేవాళ్ళం. జొన్నగటక ముద్ద చేసి, దాని నడుమ వేలితో గుంట పొడిచి, ఆ గుంట నిండా పులుసు పోసేది. గట్టు తెగకుండా తినాలి. ఎవరి గట్టు తెగితే వాళ్ళ చెరువు తెగినట్టు, అందరం "తెగింది, తెగింది" అని అరిచేవాళ్ళం. ఇంట్లో సోరకాయంటే మొహం తిప్పుకునేవాళ్ళమే అక్కడ రెండోసారి పళ్ళెం చాపేవాళ్ళం.

"ఓ పోరీ, మీ అమ్మ నీకు కడుపు కుట్టిందా, బస్తా కుట్టిందా? ఎంత పోసినా నిండది," అనేది నర్సవ్వ నన్ను చూసి.

ఆ ఏడు బతుకమ్మకు ముందు ముసురు పట్టింది. మట్టికుండ అడుగు పగిలి, పులుసు సగం దాలిలోకి కారిపోయింది. ముసుర్లో కొత్త కుండలు కాలలేదని కుమ్మరి చెప్పి పంపాడు. అప్పుడు మా ఎదురింటి లక్ష్మి చిన్నమ్మ, తన పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గంజును అటక మీద నుంచి దింపి, బూడిదతో తోమి తళతళలాడించి తానే మోసుకొచ్చింది. "మా అమ్మగారు పెట్టింది. చూస్కోని వాడున్రి, సొట్ట పడొద్దు," అంది. ఊళ్ళో అందరూ స్టీలు గిన్నెలకు మారిపోయాక కళాయి పూసేవాళ్ళు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. గంజు బయట మెరిసింది. లోపల తగరం పూత ఎప్పుడో అరిగిపోయింది. నర్సవ్వ పుట్టినప్పటి నుంచి మట్టికుండల్లోనే వండిన మనిషి, పైగా కళ్ళకు మసక. అమ్మలందరూ ఆసుల ముందు ఉన్నారు. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పొద్దుటి నుంచి దీపాల వేళదాకా సన్నటి సెగన మగ్గింది.

ఆ సాయంత్రం పులుసు రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. రూపాయిబిళ్ళ చప్పరించినట్టుంది. అయినా ఆకలికి తిన్నాం. మా పళ్ళేలు కడగకముందే లక్ష్మి చిన్నమ్మ బిడ్డ సరిత కడుపు పట్టుకుని వంగింది. నా ఈడు పిల్ల, నా పక్కనే కూచుంది. అది కక్కింది. నీలం కలిసిన పచ్చరంగు. రంగుకుండలోంచి తీసిన నూలు నీళ్ళలా ఉంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు, తర్వాత నేను. నా నోట్లోంచి ఆ పచ్చరంగు పడుతుంటే నాలోపల ఏదో దూరిందని, అదే నన్ను లోపల నుంచి తినేస్తోందని నిజంగా నమ్మాను. అమ్మలు ఆసులు వదిలి పరిగెత్తుకొచ్చారు. ఆటోల్లో పిల్లల్ని ఒకరి మీద ఒకరిని వేసి దవాఖానకు తీసుకుపోయారు. దోవంతా ఎవరో ఆడమనిషి గొణుగుతూనే ఉంది: "పచ్చగ కక్కుతున్నరంటే గిది తిండితోని అయ్యింది కాదు."

ఎవరి ప్రాణమూ పోలేదు. సెలైను పెట్టారు, వాంతులు కట్టాయి, పొద్దున్నే ఇంటికి పంపారు. కానీ మేం వాడకు వచ్చేసరికి ఆ మాట మాకన్నా ముందే వచ్చి కూచుంది. బాణామతి. నర్సవ్వ వాకిట్లో మగ్గాలవాడ అంతా ఉంది. ఆమెను దాలి పక్కన కూచోబెట్టారు. సరిత నాయిన మల్లేశం చేతిలో పట్కారు ఉంది. మంత్రం వేసినవాళ్ళ పళ్ళు పీకితే మంత్రం పలకదని మా దిక్కున ఒక నమ్మకం. ఈ మాట ఇవాళ రాస్తుంటే నా దవడ బిగుసుకుంటోంది. ఆ రోజు నేను అమ్మ కొంగులో మొహం దాచుకుని, కొంగు సందులోంచి ఆ పట్కారునే చూస్తున్నాను. నర్సవ్వకు ముందు పళ్ళు నాలుగే ఉండేవి. మమ్మల్ని నవ్వించడానికి వాటితోనే చెరుకు చీల్చి చూపేది.

"నేనెందుకు చేస్త బిడ్డా? నా చేతుల పెరిగిన పోరలు," అంటోంది ఆమె.

"చెయ్యకుంటే తిను. నువ్వొండిందే కద, గిప్పుడు మా ముందల తిను," అన్నాడు మల్లేశం. ఆడవాళ్ళు "తిననియ్యి, తిననియ్యి" అన్నారు.

గంజులో అడుగున మిగిలిన పులుసు ఒక చిప్పలో పోసిచ్చారు. నర్సవ్వ ఆశగా, రెండు చేతులతో అందుకుని గటగటా సగానికి పైగా తాగింది. తాగి, చూశారా అన్నట్టు అందరి మొహాల్లోకీ చూసింది. కాసేపటికి ముందుకు వంగి, పచ్చగా కక్కింది.

"చూసిన్రా! చేసినోళ్ళకే తిరగబడ్డది!" అని అరిచింది లక్ష్మి చిన్నమ్మ.

నేను తర్వాత చాలా వాదాలు చూశాను, గెలిచాను, ఓడాను. అంత పకడ్బందీ ఉచ్చు మళ్ళీ చూడలేదు. ఆమె కక్కకపోతే తన మంత్రం తనకంటదు కాబట్టి మంత్రగత్తె. కక్కితే మంత్రం తిరగబడింది కాబట్టి మంత్రగత్తె. నిర్దోషి అయ్యే తోవ ఒక్కటి కూడా లేకుండా ఆ పరీక్ష పెట్టారు. మూఢనమ్మకాన్ని అమాయకత్వమనుకుని జాలిపడేవాళ్ళు ఆ వాకిట్లో నిలబడి ఉంటే తెలిసేది.

మల్లేశం కదిలాడు. అప్పుడు అమ్మ నన్ను నాయిన చేతికిచ్చి వెళ్ళి గంజును ఎత్తి వెలుతురుకు వంచింది. లోపలంతా అంచు కింద పచ్చగా చిలుము పట్టి ఉంది.

"లక్ష్మీ, గీ గంజుకు కళాయి ఎప్పుడు పెట్టిచ్చినవు?"

"కళాయికి గిప్పుడేం తక్కువైందక్కా? మా అమ్మగారు పెట్టిన గంజును అంటవా?"

"రంగులద్దేటోళ్ళం మనం. పులుపు ఇత్తడిని తింటదని గీ వాడల ఎవలికి తెల్వదు? ఇత్తడి చెంబుల చింతపండు నానబెడ్తమా?"

అందరికీ తెలుసు. మల్లేశం చేతిలో పట్కారు మాత్రం దిగలేదు. అమ్మ వంగి, చిప్పలో మిగిలిన పులుసు తాగేసింది. నాయిన చేతుల్లో ఉన్న నేను కెవ్వుమన్నాను.

"గిప్పుడు నేన్గూడ కక్కుత. అప్పుడు నా పండ్లు గూడ పీకుతవా అన్నా?" అంది మల్లేశంతో.

నా బాల్యంలో అంతటి భయం మరొకటి లేదు. అమ్మ కక్కకూడదని కోరుకోవాలో, కక్కాలని కోరుకోవాలో తెలియలేదు. కక్కకపోతే నర్సవ్వను వదలరు, కక్కితే అమ్మను కూడా ఆ దాలి పక్కన కూచోబెడతారు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉంది. తర్వాత పక్కకు తిరిగి కక్కింది. పచ్చగా.

వాడలో అందరికన్నా పెద్దవాడైన రాజయ్య తాత బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. "తాగినోళ్ళందరు కక్కుతున్నరంటే మందు వండినోళ్ళ కాడ లేదు, గంజుల ఉన్నది. మరి గంజు ఎవలిది?" అన్నాడు, ఒక్కొక్కరినీ చూస్తూ. "గంజు ఎవలిదైతే బాణామతి వాళ్ళదే కావాలె గదరా మల్లేశం!"

ఎవరో కిసుక్కున నవ్వారు. లక్ష్మి చిన్నమ్మ మొహంలో నెత్తురు లేదు. గుంపులో రెండు మూడు తలలు అప్పటికే ఆమె వైపు తిరిగాయి. మల్లేశం ఆ తలలను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, పట్కారును అంగీ జేబులో పెట్టుకున్నాడు. "కళాయి పోయింది. గంతే. కళాయి పోయింది," అన్నాడు. ఆ మాట పట్టుకుని వాడంతా కళాయి, కళాయి అనుకుంటూ ఇళ్ళకు పోయింది. అమ్మ చూపిన చిలుము వాళ్ళను ఆపలేదు. భయం తమ ఇంటి వైపు మళ్ళుతుందని తెలిశాకే వాళ్ళకు చిలుము కనపడింది.

నిందను అంత తేలికగా మడిచి జేబులో పెట్టుకున్నవాళ్ళు, మర్నాటి నుంచి పిల్లల్ని మాత్రం పంపలేదు. ఎవరూ వద్దని అనలేదు. ఎవరి పప్పు వాళ్ళింట్లోనే ఉండిపోయింది. పండుగ దాకా మేం పొడి అటుకులు నములుతూ, ఆసుల పక్కనే నిద్రపోయాం. నర్సవ్వ కొన్నాళ్ళు దాలి రగిలించి, మూత పెట్టి, వాకిట్లో కూచుంది. తర్వాత బిడ్డ వచ్చి హుజూర్‌నగర్‌కు తీసుకుపోయింది. ఇప్పుడు ఆ వాకిలి మీదుగా సిమెంటు రోడ్డు పోయింది. వాడలో సగం మగ్గాలు ఆగిపోయాయి. పిల్లలు అందరూ ఒకే కుండలోంచి తినే పద్ధతి ఉండేదంటే, అక్కడి చిన్నపిల్లలు నేను కట్టుకథ చెప్తున్నాననుకుంటారు.

పోయిన నెల ఒక సభకు హుజూర్‌నగర్ పోతూ అక్క బిడ్డ చిన్నిని వెంట తీసుకుపోయాను. సభయ్యాక నర్సవ్వ ఉండే ఇల్లు వెతికి పట్టుకున్నాను. ఆమె నన్ను గొంతు విని గుర్తుపట్టింది. "కడుపు గిట్ల నిండుతాందా ఇప్పుడన్న?" అని నవ్వింది. తానే తడుముకుంటూ పోయి అన్నం, పప్పు పళ్ళెంలో పెట్టుకొచ్చింది. చిన్ని చెయ్యి చాపింది. నర్సవ్వ పళ్ళెం ఇవ్వలేదు. అందులోంచి ఒక ముద్ద తీసి తాను తింది. మింగి, నోరు తెరిచి మాకు చూపించింది. కాసేపు అలాగే కూచుంది. ఇంట్లోవాళ్ళెవరూ వింతగా చూడలేదు.

"అవ్వా, నీకు అంత ఆకలైందా?" అంది చిన్ని.

"ఔ బిడ్డా," అంది నర్సవ్వ, పళ్ళెం దాని ముందుకు జరుపుతూ. "జర ఆకలైంది."