నోరు లేని డబ్బ

“నోరున్న డబ్బ తెచ్చుకుంటే ఇయ్యాల నాకీ తిప్పలే లేకుండె తమ్మీ,” అన్నాడు దావీదన్న, మిల్లు గోడకు వీపు ఆనించి. పొద్దుటి నుంచి కోదాడ చుట్టూ చేలన్నీ తిరిగి వచ్చాడు. కాళ్ల నిండా దుమ్ము, పంచె అంచుకు పల్లేరుకాయలు. ఏరేసే ఓపిక కూడా లేదు.

ఆయన ఈ బియ్యం మిల్లులో ఇంజను చూస్తాడు. యుద్ధకాలంలో పటాలంలో వైర్‌లెస్ పని చేశాడు. తిరిగొచ్చాక వెదురు పేళ్లకు పల్చని కాగితం అంటించి, బారెడు రెక్కల బొమ్మ విమానం కట్టాడు. దానికి ఇంజను లేదు. తాడు కట్టి పరుగెత్తి లాగితే లేచి గాలి మీద తేలుతుంది. కింద నిలబడి వైర్‌లెస్‌తో దాని తోక తిప్పాలని ఆయన కోరిక. విమానంలో వినే డబ్బ సొంతంగా చేసుకున్నాడు. దాని బ్యాటరీలు, ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే నేనే మిర్యాలగూడ నుంచి తెచ్చిచ్చాను. కింది నుంచి చెప్పే డబ్బ ఒక్కటే తక్కువైంది.

“సూర్యాపేటల రామ్మూర్తి సేటు పటాలపు పాత సామాన్లు అమ్ముతడు గద, ఆడ రెండు దొరికినయి. పెద్దదానికి మైకున్నది, మనిషి గొంతు పోతది. మస్తు దూరం అందుతది. శిన్నదానికి ఒక్క బొత్తమే. ఒత్తితే తోక తిరుగుతది, ఇడిస్తే సక్కగైతది. దూరం మాత్రం అందది. సేటేమో ‘మాట్లాడేది తీస్కపో దావీదూ’ అని బజారంత ఇనపడేటట్టు అరిసిండు. ఎవరన్న ఇన్నరేమోనని నేను అటూ ఇటూ సూసిన.”

ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు. నలభై తొమ్మిదో సంవత్సరం అది. ఊరూరా మిలిటరీ క్యాంపులు. ఎవరు ఎవరికి కబురు పంపుతున్నారని ఆరాలు. ఇంట్లో మాట్లాడే డబ్బ ఉందంటే అడవిలో ఉన్న కమ్యూనిస్టు దళాలకు కబురు పంపడానికే అనుకుంటారు.

ఆయన భార్య అచ్చమ్మ వదిన మిల్లు పక్కనే ఉన్న ఇంట్లోంచి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. “పెద్దది వద్దన్నది నేనే. ఇంట్ల నోరున్నది నేనొక్కదాన్ని సాలదా?”

“ఈ నోటికి బొత్తం గూడ లేకపాయె,” అన్నాడాయన. వదిన చెంబు ఆయన చేతిలో కుదేసి, నవ్వుకుంటూ లోపలికి పోయింది.

ఆయన నీళ్లు తాగి చెంబు పక్కన పెట్టాడు.

“మొన్నటిదాక మంచిగనే తిరిగింది. నిన్న వడ్లు ఆరబోసిన కల్లం మీదికి పోయింది. వేడికి ఆడ గాలి పైకి లేస్తది. గద్దలకెరికే గదా, ఆడనే తిరుగుతయి. వాటితోని కలిసిపాయె. పైకి, ఇంక పైకి. నేను బొత్తం ఒత్తుతనే ఉన్న, అది ఇంటలేదు. నడిగూడెం దిక్కు పోయి మాయమైంది.”

“అంత ఎత్తుకు పోయిందంటే సంబరం కాలేదా అన్నా?”

“అయింది, జరసేపు. ఇగ అప్పుడు యాదికొచ్చింది. రెక్క మీద నా పేరు రాసిన తమ్మీ. దొరికినోళ్లు తెచ్చిస్తరని, ఊరుతో సహా రాసిన.” కళ్లు మూసుకున్నాడు. “లోపల తీగలు, రేడియోల ఉండేటి గాజు బుడ్డి. ఎవరన్న క్యాంపుల ఇచ్చిన్రనుకో, దీనికి నోరు లేదు సారూ అని నేనే నోరు తెరిచి చెప్పాలె. ఎవడు నమ్ముతడు? యుద్ధమంత ఒకని మాట ఇంకొకనికి అందిచ్చి అందిచ్చి యాష్టకొచ్చింది. నా మాట ఇనేది ఒక్కటన్న ఉండాలనుకున్న, అంతే.”

“మళ్లీ వెతుకుదామన్నా. నేనూ వస్తాను.”

“నేనొస్తే ఎందుకొచ్చినవ్ అంటరు. నువ్వు సూదులు, దారాలు అమ్మేటోనివి, ఏ వాకిట్ల నిలబడ్డా ఎవ్వరేమనరు. రేపు నడిగూడెం పోతవ్ గద, జర అడుగు. దొరికితే రెక్కలు పొయ్యిల పెట్టు. గాజు బుడ్డి మాత్రం పగలకుంట పట్టుకరా, అది మళ్ల దొరకది. ఎవరన్న అదేందని అడిగితే వైర్‌లెస్ అనకు తమ్మీ. పతంగి అను.”