నలుగురెక్కితే రాసే టైరు

ఆదిలాబాద్ నుంచి పొద్దున తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. అక్క పోయింది. మా దిక్కు పెళ్లయిన ఆడబిడ్డ పోతే పుట్టింటి చీర కప్పందే పాడె లేపరు, పొద్దు గూకితే కాల్చరు. పదింటికల్లా కరీంనగర్ దాటాం. కారు తమ్ముడిది. పక్కన బాపు, వెనక నేను, చీర ఒళ్లో పెట్టుకొని మమ్మల్ని కన్న అవ్వ.

పోయిన నెలనే తమ్ముడు ఆ కారుకు వెడల్పు టైర్లు వేయించాడు, సోకుకు. ఒక్కడే తిప్పి చూసి మస్తుందన్నాడు. జగిత్యాల స్పీడ్ బ్రేకర్ల మీద మొదటిసారి గర్రుమన్నది. అక్కణ్ణుంచి మెల్లగా పోనిచ్చినా, నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేసరికి రబ్బరు కాలిన వాసన.

మూడింటికి ఇచ్చోడలో పంక్చర్ షాపు ముందు ఆపాం. వెనక రెండు టైర్లూ మడ్‌గార్డు అంచుకు రాసి దారాలు తేలాయి. స్టెప్నీ ఒక్కటే ఉంది.

"అంచు లోపలికి మలపాలె, నా తాన సామాన్లేదు," అన్నాడు షాపాయన. "ఎనుక ఎవ్వలు లేకుంటె మెల్లగ పోతది. కూసుంటె పగుల్తది."

దారిన పోయే బండ్లకు చెయ్యెత్తితే ఒక్కడూ ఆపలేదు. బాపుకు మోకాళ్లు వంగవు, బస్సెక్కలేడు. అవ్వే దిగి చీర ఆయన ఒళ్లో పెట్టింది.

"మీరు పొండ్రి. నా బిడ్డ చీర లేకుంట పోవద్దు."

బస్సు గంటైనా రాలేదు. వచ్చినదాంట్లో నేనూ అవ్వా నిలబడ్డాం. అవ్వకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొడుతూ కండక్టరమ్మ "యాడికి పోతున్నవవ్వా?" అన్నది.

"బిడ్డింటికి."

"మంచిదవ్వా," అని నవ్వింది.

చలికాలపు పొద్దు. మేం చేరేసరికి పాడె లేచిన వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. చీర అందింది. అవ్వకు బిడ్డ ముఖం దక్కలేదు.

మూడో రోజు ముగించుకొని తిరుగు ప్రయాణం. నిర్మల్ దాకా నేనూ అవ్వా మళ్లీ బస్సులోనే. అక్కడ మెకానిక్ టైర్లు మార్చి, అంచును సుత్తితో లోపలికి మలిచాడు. మేం చాయ్ తాగేలోపు అయిపోయింది. నలుగురం ఎక్కి గుంతలో దింపినా చప్పుడు రాలేదు. టైర్లు మార్చేవాళ్లకు నేను చెప్పేదొకటే: ఇంటిల్లిపాదినీ ఎక్కించి తిప్పి చూడండి.

గోదావరి వంతెన దాటాం. అవ్వ మెల్లగా అడిగింది.

"గింత పనేనా కొడుకా?"

తమ్ముడు బండి పక్కకు ఆపాడు. కరీంనగర్ దాకా నేనే నడిపాను.